రెండు కరెంట్లు, ఒక ఇల్లు

జనరేటర్ ఉన్న కొన్ని ఇళ్లలో అటక మీదో, మెట్ల కిందో ఒక వైరు చుట్ట ఉంటుంది. దానికి రెండు కొసలా త్రీపిన్ టాపే. ఒక టాప్ జనరేటర్‌లో, రెండోది ఏసీ కోసం పెట్టించిన గోడ సాకెట్‌లో గుచ్చుతారు. ఇంజను స్టార్ట్ చేసి స్విచ్ వేస్తే ఇల్లంతా వెలుగు. ఈ వైరు మామూలుగా షాపుల్లో దొరకదు. తెలిసిన ఎలక్ట్రీషియనో, చెయ్యి తిరిగిన బావమరిదో పావుగంటలో కట్టి ఇచ్చిందే. చక్కగా పనిచేస్తుంది. పనిచేస్తుంది గనకే మానిపించడం కష్టం.

చిన్న జనరేటర్‌ని ఇంటి వైరింగుకి ఎలా కలపాలి అన్న ప్రశ్నకు జవాబులు కొత్తవేమీ కావు. చేంజోవర్ స్విచ్ మన మీటరు బోర్డుల పక్కన దశాబ్దాలుగా ఉంది. అయినా ఒక్కో జవాబు ఏ ప్రమాదాన్ని ఆపుతుందో, దేన్ని ఆపలేదో విడమరిచి చెప్పేవారు తక్కువ. జనరేటర్ అమ్మేవాడు ఇంజను గురించి చెబుతాడు, వైరింగు గురించి చెప్పడు. ఎలక్ట్రీషియన్ వైరింగు చేస్తాడు, జనరేటర్ న్యూట్రల్ సంగతి పట్టించుకోడు. ఈ రెండింటి మధ్య ఖాళీలోనే ప్రమాదాలన్నీ ఉన్నాయి.

ఉమ్మడి రాష్ట్రంలో 2012, 2013 నాటి కోతలు గుర్తున్నవారికి పెట్రోలు జనరేటర్ల మోత కూడా గుర్తుండే ఉంటుంది. పరిశ్రమలకు పవర్ హాలిడేలు, ఊళ్లకు గంటల తరబడి చీకటి. ఆ తర్వాత సరఫరా మెరుగుపడింది, ఇళ్లలోకి బ్యాటరీ ఇన్వర్టర్లు వచ్చాయి, జనరేటర్ అవసరం మామూలు రోజుల్లో పోయింది. ఇప్పుడది తుఫానుకీ, వరదకీ, పెళ్లికీ బయటికి వస్తుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖను కొట్టినప్పుడు, 2018 అక్టోబరు 11న తిత్లీ ఉద్దానాన్ని నేలమట్టం చేసినప్పుడు రోజుల తరబడి కరెంటు లేదు. ఇన్వర్టర్ బ్యాటరీ మొదటి రాత్రికే చేతులెత్తేస్తుంది. బోరు మోటారు ఆడితేగాని ట్యాంకులోకి నీళ్లు రావు. ఏడాదంతా మూలన పడి ఉన్న యంత్రాన్ని వానలో, చీకట్లో, హడావుడిగా బయటికి లాగి కలిపే రోజులవి. బయట విరిగిన స్తంభాల మీద లైన్‌మన్లు పనిచేస్తున్నదీ సరిగ్గా ఆ రోజుల్లోనే.

అందుకే మొదట వీధిలోకి వెళ్లే కరెంటు సంగతి చూడాలి.

వీధి చివర ట్రాన్స్‌ఫార్మర్ 11,000 ఓల్టులను 433 ఓల్టులకు దించుతుంది. ఒక ఫేజుకీ న్యూట్రల్‌కీ మధ్య చూస్తే 250. అంటే నిష్పత్తి 44. ట్రాన్స్‌ఫార్మర్‌కి కరెంటు ఎటునుంచి వస్తోందన్న పట్టింపు లేదు. ఇంటి వైపు నుంచి 230 ఓల్టులు తోస్తే అవతలి కొసన సుమారు పది వేల ఓల్టులు పుడతాయి. ఇంటి మెయిన్ ఆన్‌లో ఉండగా రెండు టాప్‌ల వైరు గుచ్చితే జరిగేది ఇదే. సబ్‌స్టేషన్‌లో ఫీడరు ఆఫ్ చేయించి, లైన్ క్లియర్ తీసుకుని స్తంభం ఎక్కినవాడికి ఆ పది వేల ఓల్టులు ఏ ఇంటి నుంచి వచ్చాయో తెలిసే దారి ఉండదు.

దీనికి ఒక ప్రతివాదన ఉంది. అది ఎలక్ట్రీషియన్ల నోట తరచు వినబడేదే: రెండు కేవీఏ జనరేటర్ వీధి మొత్తాన్ని మోయలేదు, పక్క ఇళ్ల ఫ్రిజ్‌లు, ఫ్యాన్లు అంటుకోగానే ట్రిప్ అయిపోతుంది, కాబట్టి భయం లేదు. ఇందులో సగం నిజం. నిండుగా ఇళ్లున్న వీధిలో వంద కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ మీదికి చిన్న జనరేటర్‌ని వదిలితే చాలాసార్లు అది నిలబడదు. కానీ తుఫాను తర్వాత వీధి మునుపటి వీధి కాదు. స్తంభం కూలి లైను తెగితే మన ఇంటికి కలిసి మిగిలేది రెండు మూడు ఇళ్లే కావచ్చు. అందరూ భయపడి మెయిన్లు కట్టేసి ఉండవచ్చు. పల్లెల్లో పరిస్థితి ఇంకా తేడా. నష్టాలు తగ్గించడానికి 11 కేవీ లైన్లను పొలాల దాకా తీసుకెళ్లి, కొద్దిపాటి కనెక్షన్లకు ఒక 15 లేదా 25 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టే పద్ధతి మన రాష్ట్రాల్లో విస్తరించింది. అంత చిన్న ట్రాన్స్‌ఫార్మర్‌ మీద భారం లేని వేళ ఒక మోస్తరు జనరేటర్ వెనక్కి కరెంటు పంపగలదు. పైగా జనరేటర్ ట్రిప్ అయ్యేలోపు గడిచే క్షణాలున్నాయి. లైను పట్టుకుని ఉన్న మనిషికి ఆ క్షణాలు చాలు. 11 కేవీ దాకా వెళ్లకపోయినా సరే, స్తంభం మీది కింది వైర్లలో 230 ఓల్టులు ఉన్నా చాలు.

లైన్‌మన్ లైనును విడగొట్టే ఏబీ స్విచ్ తీస్తాడు, డిశ్చార్జి రాడ్‌తో లైన్లను షార్ట్ చేసి ఎర్త్ చేస్తాడు, ఆ తర్వాతే ముట్టుకుంటాడు, అంతా పుస్తకం ప్రకారం జరిగితే అతనికి ఏమీ కాదు అన్నది రెండో వాదన. మన దగ్గర స్తంభం ఎక్కేది లైన్‌మన్ ఒక్కడే అయితే ఈ మాట కొంతవరకు నిలిచేది. లైన్‌మన్ పెట్టుకున్న ప్రైవేటు హెల్పరు ఎక్కుతాడు. ఫ్యూజు పోతే రైతే కర్ర పుచ్చుకుని ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరికి వెళతాడు. పక్కింటాయన తన సర్వీసు వైరు తెగి పడిందని చేత్తో పక్కకి తీస్తాడు. వీళ్లెవరి చేతుల్లోనూ డిశ్చార్జి రాడ్ ఉండదు. లైను ఆగిపోయింది, కరెంటు లేదు అన్న నమ్మకం ఒక్కటే వీళ్ల రక్షణ. ఆ నమ్మకాన్ని వమ్ము చేసేది మన వైరు.

ఇక ఇంటి లోపలికి వద్దాం. మెయిన్ ఆఫ్ చేసే కదా గుచ్చాం, ఇక ఎవరికి నష్టం అంటారు. మొదటి నష్టం ఆ టాప్ పిన్నుల్లోనే ఉంది. జనరేటర్ నడుస్తుండగా గోడ నుంచి టాప్ ఊడితే, బయట మెరుస్తున్న ఇత్తడి పిన్నుల్లో 230 ఓల్టులుంటాయి. ప్లగ్గుకీ సాకెట్టుకీ నియమం ఒకటే. కరెంటు వచ్చే వైపు రంధ్రాలుండాలి, కరెంటు పుచ్చుకునే వైపు పిన్నులుండాలి. రెండు టాప్‌ల వైరు ఆ నియమాన్ని తలకిందులు చేస్తుంది.

రెండో నష్టం కంటికి కనబడదు. మన డిస్ట్రిబ్యూషన్ బోర్డులో ఆర్‌సీసీబీ మెయిన్ పక్కన, అన్ని ఎంసీబీలకూ ముందు ఉంటుంది. గోడ సాకెట్ నుంచి వచ్చిన కరెంటు ఆ సాకెట్ ఎంసీబీ గుండా వెనక్కి బోర్డులోకి వచ్చి, అక్కడి నుంచి మిగతా ఎంసీబీల్లోకి వెళ్లిపోతుంది. ఆర్‌సీసీబీ దారిలోనే ఉండదు. షాక్ కొట్టినప్పుడు ప్రాణం కాపాడాల్సిన పరికరం గోడ మీద అలంకారంగా మిగులుతుంది. టాప్‌లు కట్టేటప్పుడు ఎడమా కుడీ తారుమారైతే ఫేజు న్యూట్రల్ అవుతుంది, న్యూట్రల్ ఫేజవుతుంది. స్విచ్ ఆఫ్ చేసినా బల్బు హోల్డరులో కరెంటు మిగిలే ఉంటుంది.

మూడోది, కరెంటు తిరిగి వచ్చిన క్షణం. వీధిలో లైట్లు వెలిగాయి, పిల్లలు కేక వేశారు, జనరేటర్ సంగతి తెలియని పెద్దాయన అలవాటు కొద్దీ వెళ్లి మెయిన్ ఆన్ చేశారు. ఒకే తీగ మీద రెండు కరెంట్లు. రెండూ యాభై హెర్ట్జ్‌ దగ్గరివే అయినా వాటి అలలు కలిసి నడవవు. ఒకటి శిఖరంలో ఉన్నప్పుడు రెండోది లోయలో ఉండవచ్చు. 230 ఓల్టుల అల శిఖరం 325. రెండూ ఎదురెదురైతే మధ్య తేడా 650 ఓల్టులు. జనరేటర్ వైండింగు కాలడం, ఓల్టేజీని అదుపు చేసే ఏవీఆర్ పేలడం అదృష్టం బాగున్నప్పటి సంగతి.

వరద ఇళ్లలో ఇంకొకటుంది. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ ప్రాంతం మునిగినప్పుడు కింది అంతస్తులు నీళ్లలో, మనుషులు పై అంతస్తుల్లో ఉండిపోయారు. అలాంటి ఇంట్లో పైన జనరేటర్ పెట్టి గోడ సాకెట్‌కి గుచ్చితే కరెంటు మునిగిన బోర్డులోకీ, కింది గదుల సాకెట్లలోకీ పోతుంది. వీధి కరెంటును అధికారులు ముందుజాగ్రత్తగా ఆపేస్తారు. ఆ నీళ్లలోకి కరెంటును మళ్లీ తెచ్చేది ఇంటివాళ్లే అవుతారు. నీళ్లు బోర్డు ఎక్కిన ఇంట్లో వైరింగుని ముట్టుకోకుండా వదిలేయాలి. దీనికి మినహాయింపు లేదు.

మెయిన్ ఆఫ్ చేయడం మరిచిపోకుండా ఉంటే చాలు కదా అన్నది మిగిలిన చివరి వాదన. నా అభిప్రాయం సూటిగా చెబుతాను: జ్ఞాపకం మీద ఆధారపడే ఏ పద్ధతీ రక్షణ కాదు. రెండు కరెంట్లూ ఒకేసారి కలవడం చేత్తో చేద్దామన్నా సాధ్యం కాకూడదు. ఇక కింద చూడబోయే పద్ధతులన్నిటినీ ఈ ఒక్క కొలతతోనే తూస్తాను.

ఆ కొలతకి మొదట నిలిచేది ఏదీ కలపకపోవడమే. జనరేటర్‌ని బయట పెట్టి, దాని నుంచి మంచి ఎక్స్‌టెన్షన్ బాక్సు లాగి, ఫ్రిజ్ ప్లగ్గును గోడ నుంచి తీసి అందులో పెట్టడం. సెల్‌ఫోన్లు, టేబుల్ ఫ్యాను, రెండు దీపాలు కూడా దానికే. ఇంటి వైరింగు మాట రాదు, వీధి మాట రాదు. ఏడాదికి ఒకటి రెండు రోజులు వాడే రెండు కేవీఏ యంత్రానికి నిజానికి ఇదే తగిన పద్ధతి. దీన్ని చిన్నచూపు చూడటం మన అలవాటు. గదుల గుండా వైర్లు పాకడం నామోషీ అనిపిస్తుంది కాబోలు. వైరు మాత్రం సన్నది వాడకూడదు. పదహారు ఆంపియర్లకు 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, దూరం ఎక్కువైతే 4. చుట్ట విప్పకుండా నేల మీద ఉంచి భారం వేస్తే వైరు లోపల్లోపల వేడెక్కి ఇన్సులేషన్ కరుగుతుంది. సీలింగ్ ఫ్యాన్లు తిరగవు, బోరు మోటారు ఆడదు. ఈ రెండూ కావాలన్నప్పుడే వైరింగుకి కలపడం మొదలవుతుంది.

కలపాలంటే చేంజోవర్ స్విచ్. మీటరు, మెయిన్ స్విచ్ దాటాక, డిస్ట్రిబ్యూషన్ బోర్డుకి ముందు దాని చోటు. ఒక వైపు వీధి కరెంటు, ఇంకో వైపు జనరేటర్, నడుమ ఇల్లు. పిడి పైకి తిప్పితే ఒకటి, కిందికి తిప్పితే రెండోది, మధ్యలో ఆఫ్. లోపలి కడ్డీ ఒక్కటే కాబట్టి రెండు చోట్లా ఉండలేదు. ఇంతకంటే మొరటు యంత్రం ఉండదు, ఇంతకంటే నమ్మదగినదీ ఉండదు. ఇప్పుడు ఎంసీబీ సైజులో డబ్బాలో ఇమిడే మాడ్యులర్ రకాలూ వస్తున్నాయి. మామూలు ఇంటికి 32 లేదా 40 ఆంపియర్లు సరిపోతుంది. సర్వీసు పెద్దదైతే మెయిన్‌ను బట్టి 63. ధర జనరేటర్ ఖరీదులో చిన్న వాటా. యంత్రానికి వేలు పోసి స్విచ్ దగ్గర బేరమాడే మనస్తత్వం ఎందుకో అర్థం కాదు.

స్విచ్ ఉన్నంత మాత్రాన పని అయినట్టు కాదు. సింగిల్ ఫేజ్ ఇంటికి రెండు పోళ్లది కావాలి, ఫేజునీ న్యూట్రల్‌నీ రెంటినీ మార్చేది. కొందరు ఫేజు ఒక్కదాన్నే మార్చి న్యూట్రల్స్ అన్నీ ఒకచోట ముడివేసి వదిలేస్తారు. అప్పుడు వీధి న్యూట్రల్ ఇంటికి అతుక్కునే ఉంటుంది. స్తంభం మీద న్యూట్రల్ తెగి ఉంటే, సరఫరా తిరిగి వచ్చినప్పుడు పక్క ఇళ్ల భారం దాని మీదుగా మన ఇంట్లోకి ఓల్టేజీని మోసుకొస్తుంది. త్రీఫేజ్ ఇంటికి నాలుగు పోళ్లది పెట్టాలి. ఇక జనరేటర్ సింగిల్ ఫేజ్‌దైతే జనరేటర్ వైపున్న మూడు ఫేజు టెర్మినళ్లనూ లూప్ చేసి ఒకే ఫేజు ఇస్తారు. ఇల్లంతా వెలుగుతుంది. త్రీఫేజ్ మోటారు మాత్రం కదలదు, మూడు తీగల్లోనూ ఒకే ఫేజు ఉంటే వాటి మధ్య ఓల్టేజీయే లేదు. ఇక్కడ న్యూట్రల్‌ని చూడాలి. మామూలుగా మూడు ఫేజుల కరెంట్లు న్యూట్రల్‌లో ఒకదాన్నొకటి చాలావరకు కొట్టేసుకుంటాయి. ఒకే ఫేజు లూప్ చేస్తే కొట్టివేత ఉండదు, అంతా కూడుతుంది. మూడు కేవీఏ యంత్రానికి మొత్తం పదమూడు ఆంపియర్లే కాబట్టి ఇబ్బంది లేదు. పది కేవీఏదైతే నలభై మూడు. సన్నటి న్యూట్రల్ ఉన్న పాత ఇంట్లో అది వేడెక్కుతుంది.

జనరేటర్ నుంచి గోడ దాకా వైరు వచ్చి చేరే చోట పిన్నులున్న ఇన్‌లెట్ పెట్టించాలి. నీలం రంగు ఇండస్ట్రియల్ ప్లగ్గులు ఎలక్ట్రికల్ షాపుల్లో పదహారుకీ, ముప్పై రెండుకీ దొరుకుతాయి. గోడ మీది పిన్నులు జనరేటర్ వైరు గుచ్చే దాకా ఏ కరెంటుకీ సంబంధం లేనివి. గుచ్చాక కూడా కరెంటు వచ్చేది వైరు కొసనున్న రంధ్రాల నుంచే. రెండు టాప్‌ల వైరుతో ఇక పనే ఉండదు, దాన్ని కోసి పారేయవచ్చు. ఇంకో చిన్న ఏర్పాటు చెబుతాను. చేంజోవర్‌కి ముందు, వీధి కరెంటు వైపు ఒక ఇండికేటర్ దీపం. స్విచ్ జనరేటర్ మీద ఉన్నంతసేపూ వీధిలో కరెంటు వచ్చిందో లేదో తెలుసుకోవడానికి ఆ దీపం చూస్తే చాలు, మెయిన్ దగ్గర ప్రయోగాలు చేయనక్కర్లేదు.

ఇప్పుడు అందరూ దాటవేసే విషయం, ఎర్తు. చిన్న పెట్రోలు జనరేటర్లలో చాలావాటి వైండింగు దేనికీ ముడిపడి ఉండదు. దాని రెండు తీగల్లో ఏదీ భూమికి చెందినది కాదు. టెస్టరు పెట్టి చూస్తే రెండింట్లోనూ మిణుకుమంటుంది. ఎలక్ట్రీషియన్ తల గోక్కుంటాడు, జనరేటర్ పాడైందంటాడు. పాడు కాలేదు. న్యూట్రల్ అనేది పుట్టుకతో ఉండదు, ఒక తీగను ఎర్త్ చేస్తేనే అది న్యూట్రల్ అవుతుంది. వీధి కరెంటుకి ఆ పని ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరే జరిగిపోతుంది. రెండు పోళ్ల చేంజోవర్‌తో వీధిని పూర్తిగా వదిలేసిన ఇంటికి ఆ పని మళ్లీ జనరేటర్ దగ్గర చేయాలి. ఒక తీగను జనరేటర్ ఫ్రేముకీ, ఫ్రేమును ఎర్త్ పిట్‌కీ కలపాలి. ఇది ఒక్కచోటే జరగాలి. జనరేటర్ దగ్గర కలిపి, మళ్లీ బోర్డులోనూ న్యూట్రల్‌ని ఎర్త్‌తో కలిపితే ఎర్త్ వైరులోనూ కరెంటు నడుస్తుంది, ఆర్‌సీసీబీ ఊరకే పడిపోతూ ఉంటుంది. న్యూట్రల్ మార్చని పాత చేంజోవర్ ఉన్న ఇంట్లో జనరేటర్ దగ్గర ఈ ముడి వేయకూడదు. వాళ్లు ముందు స్విచ్ మార్పించుకోవాలి. ఇన్వర్టర్ రకం జనరేటర్లలో కొన్నిటికి లోపలి అమరిక వేరు కాబట్టి ముడి వేసేముందు మాన్యువల్ చూడాలి.

ఇంత తతంగం ఎందుకంటే, జనరేటర్ మీద ఉన్న ఇంట్లో ఎంసీబీని నమ్ముకోలేం. వీధి కరెంటు మీద షార్ట్ అయితే వందల ఆంపియర్లు దూకుతాయి, ఎంసీబీ రెప్పపాటులో పడుతుంది. మామూలు సీ రకం పదహారు ఆంపియర్ల ఎంసీబీ వెంటనే పడాలంటే 80 నుంచి 160 ఆంపియర్లు కావాలి. రెండు కేవీఏ జనరేటర్ పూర్తి శక్తి తొమ్మిది ఆంపియర్లు. షార్ట్‌లో అది ఇవ్వగలిగింది దానికి కొన్ని రెట్లే. అంటే గీజరు బాడీకి ఫేజు తగిలినా ఎంసీబీ కదలకపోవచ్చు. 30 మిల్లీ ఆంపియర్ల తేడాకే పడే ఆర్‌సీసీబీయే అప్పుడు దిక్కు. న్యూట్రల్ ఎర్త్ కాని జనరేటర్ మీద దానికీ పని ఉండదు, లీకైన కరెంటు తిరిగి వెళ్లే దారి లేదు కాబట్టి. ఇలా ఎర్త్ కాకుండా గాలిలో తేలే సరఫరా మీద మొదటి లోపం షాక్ కొట్టదని కొందరు సమర్థిస్తారు. ఒక ఫ్రిజ్‌కి ఎక్స్‌టెన్షన్ వేసినప్పుడు అది ఒప్పుకోదగ్గ మాటే. తడిసిన గోడల్లో పాత వైరింగున్న ఇంటికి మొదటి లోపం ఎప్పుడో జరిగిపోయి ఉంటుంది, మనం ఎదురుచూసేది రెండోదానికే.

మన ఇళ్లలో ఒక వెసులుబాటు ఉంది. ఇన్వర్టర్ పుణ్యమా అని లైట్లు, ఫ్యాన్లు, టీవీ పాయింట్లకు వేరే లైను వేసి ఉంటారు. జనరేటర్‌ని ఆ లైనుకే పరిమితం చేస్తే గీజరు, ఏసీ పొరపాటున ఆన్ అయ్యే బెడద ఉండదు. ఇన్వర్టర్ ఇన్‌పుట్ త్రీపిన్ టాప్‌ని గోడ నుంచి తీసి జనరేటర్ ఎక్స్‌టెన్షన్‌లో పెడితే చాలదా అని తెలివైనవాళ్లు అడుగుతారు. ఆలోచన బాగుంది, వైరింగు సరిగా ఉంటే. చాలా ఇళ్లలో ఇన్వర్టర్ నుంచి ఫేజు ఒక్కటే లాగి న్యూట్రల్ ఇంటి మొత్తానికి ఉమ్మడిగా వదిలేస్తారు. అప్పుడు కరెంటు తిరిగి వెళ్లే దారి ఉండకపోవచ్చు, లేదా వీధి న్యూట్రల్‌తో కలిసిపోవచ్చు. ఇన్వర్టర్ లైనుకి న్యూట్రల్ కూడా వేరు చేయించాకే ఈ ఉపాయం పనికొస్తుంది. చిన్న జనరేటర్ ఓల్టేజీ నిలకడగా ఉండదు కాబట్టి సుమారు 180 నుంచి 260 ఓల్టులే ఒప్పుకునే యూపీఎస్ మోడ్‌లో ఇన్వర్టర్ దాన్ని తిప్పికొట్టవచ్చు. వెనకనున్న బటన్‌ని మామూలు మోడ్‌కి మారిస్తే సరి.

అపార్టుమెంట్లలో ఉండేవారికి ఈ గొడవ చాలావరకు లేదు. సెల్లారులోని పెద్ద డీజిల్ సెట్టుకీ ఫ్లాట్లకీ మధ్య ఆటోమేటిక్ ప్యానెల్ ఉంటుంది. చాలాచోట్ల ప్రతి ఫ్లాటులో ఏసీసీఎల్ అనే చిన్న పెట్టె బిగిస్తారు. కరెంటు పోగానే అదే జనరేటర్‌కి మారి, కేటాయించిన వాట్ల కంటే ఎక్కువ లాగితే కాసేపు ఆపి మళ్లీ ఇస్తుంది. సొంత ఇంట్లో ఆటోమేటిక్ కావాలనుకునేవారు ఒక్కటి గమనించాలి. రెండు కాంటాక్టర్లు పెట్టి వాటి కాయిళ్లను మాత్రం ఒకదానికొకటి అడ్డుపడేలా వైరింగు చేస్తే సరిపోదు. వేడికి పలకలు అతుక్కుపోతే కాయిల్ వదిలేసినా కాంటాక్టు విడవదు. రెంటి మధ్య మెకానికల్ ఇంటర్‌లాక్ ఉన్నదే కొనాలి.

కొత్తగా వచ్చిన చిక్కు సోలార్‌ది. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం మూడు కిలోవాట్ల ప్యానెళ్లకు 78,000 రూపాయల దాకా సబ్సిడీ ఇస్తోంది, మేడల మీద ప్యానెళ్లు పెరుగుతున్నాయి. గ్రిడ్‌కి కట్టిన సోలార్ ఇన్వర్టర్ వీధి కరెంటు పోగానే తనంతట తాను ఆగిపోతుంది, లైన్‌మన్ క్షేమం కోసమే ఆ ఏర్పాటు. ఇల్లు జనరేటర్ మీదికి మారి, సోలార్ కూడా అదే బోర్డుకి కలిసి ఉంటే, దానికి 230 ఓల్టులు, యాభై హెర్ట్జ్ కనబడతాయి. గ్రిడ్ వచ్చిందనుకుని అది తన కరెంటును జనరేటర్‌లోకి తోయడం మొదలుపెట్టవచ్చు. చిన్న జనరేటర్‌కి ఆ తోపును పుచ్చుకునే శక్తి లేదు, ఓల్టేజీ పెరిగి ఇంట్లో సామాను కాలుతుంది. సోలార్ కనెక్షన్‌ని చేంజోవర్‌కి వీధి వైపే ఉంచడం దీనికి సులువైన విరుగుడు. ప్యానెళ్లు పెట్టేవాళ్లకు ఇంట్లో జనరేటర్ ఉందని ముందే చెప్పాలి, వాళ్లంతట వాళ్లు అడగరు.

అమెరికాలోని తెలుగువాళ్లకీ ఇది పరాయి సమస్య కాదు. 2021 ఫిబ్రవరిలో టెక్సాస్ గడ్డకట్టినప్పుడు, 2024 జూలైలో బెరిల్ తుఫానుకి హ్యూస్టన్ ప్రాంతంలో ఇరవై రెండు లక్షలకు పైగా కనెక్షన్లు చీకటైనప్పుడు మనవాళ్లూ జనరేటర్ల కోసం పరుగులు పెట్టారు. అక్కడి సరఫరా 120, 240 ఓల్టుల జోడు. ఇక్కడి చేంజోవర్ పాఠం ఉన్నదున్నట్టు పనికిరాదు. బోర్డులోనే మెయిన్ బ్రేకరూ, జనరేటర్ బ్రేకరూ రెండూ కలిసి ఆన్ కాకుండా అడ్డంగా జరిగే రేకు బిగించడం అక్కడ చవకైన పద్ధతి. దాన్ని ఇంటర్‌లాక్ కిట్ అంటారు. ఆ బోర్డు తయారీదారు ఒప్పుకున్నదే వాడాలి, ఊరి పర్మిట్ తీసుకోవాలి. బ్రేకర్ల వరస చూసి ఏవి ఆన్ చేయాలో నిర్ణయించుకునే భారం మాత్రం ఇంటివాళ్లదే. ఆ దేశంలో జనరేటర్ పొగకు ఏటా వంద మందికి అటూ ఇటూగా చనిపోతున్నారని వినియోగదారుల భద్రతా కమిషన్ చాలాకాలంగా చెబుతూ వస్తోంది. వాసన లేని కార్బన్ మోనాక్సైడ్ నిద్రలోనే పని కానిచ్చేస్తుంది. యంత్రం ఇంటికి కనీసం ఇరవై అడుగుల దూరంలో, పొగ గొట్టం అవతలికి తిరిగి ఉండాలన్నది వాళ్ల సలహా. వరండాలో, సగం దించిన షట్టరు వెనక, మెట్ల కింద జనరేటర్ నడిపే మనకూ అది అంతే వర్తిస్తుంది. వేడి ఇంజనులో పెట్రోలు పోయకూడదని కూడా చెప్పాలా?

యంత్రం ఎంత పెద్దది కావాలో లెక్క వేసేటప్పుడు అందరూ పప్పులో కాలేసేది మోటారు దగ్గర. ఒక హార్స్‌పవర్ అంటే 746 వాట్లని రెండు కేవీఏ తెస్తారు. మోటారు కదిలే క్షణంలో లాగేది నడిచేటప్పటికి ఐదారు రెట్లు. బోరు మోటారు ఆడాలంటే కనీసం మూడు నాలుగు కేవీఏ చూసుకోవాలి. ముందు మోటారు ఆడించి, అది ఊపందుకున్నాక మిగతావి వేయాలి. జనరేటర్‌ని భారం లేకుండా స్టార్ట్ చేసి, కాసేపు నిలకడ పడ్డాకే పిడి తిప్పాలి. ఆపేటప్పుడు ముందు పిడి మధ్యకి, తర్వాతే ఇంజను.

చట్టం ఏమంటోంది? 1956 నాటి విద్యుత్ నిబంధనల్లో 47ఎ కింద, జనరేటర్ పెట్టేవారు సరఫరా సంస్థకీ, తనిఖీ అధికారికీ ముప్పై రోజుల ముందు తెలియజేయాల్సి ఉండేది, పది కిలోవాట్లు దాటితే రాతపూర్వక అనుమతి కావాల్సి ఉండేది. 2003 విద్యుత్ చట్టం తర్వాత కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ భద్రతా నిబంధనలు 2010లో వచ్చాయి, 2023లో వాటి స్థానంలో కొత్తవి వచ్చాయి. ఎంత పెద్ద యంత్రానికి తనిఖీ కావాలన్నది ప్రభుత్వ నోటిఫికేషన్‌కి వదిలారు. అనుమతి లేకుండా సరఫరాతో కలిపి నడపకూడదన్నది మాత్రం ఎప్పుడూ ఉన్నదే. కాగితం మీద లోటు లేదు. మూడు కేవీఏ యంత్రాన్ని వచ్చి చూసేవాడు లేడు, అంతే తేడా.

ఇంట్లో ఏనాడూ జనరేటర్ కొనని వాళ్లూ ఒక్కరోజు ఈ ప్రమాదానికి దొరికిపోతారు. పెళ్లికో గృహప్రవేశానికో టెంట్‌హౌస్ వాళ్లు డీజిల్ సెట్టు తెస్తారు. దాని వెంట వచ్చిన కుర్రాడు ఇన్సులేషన్ చెక్కిన రెండు తీగలు తెచ్చి, మీటరు బోర్డు తలుపు తీసి, ఫ్యూజు పీకిన చోట దోపి, మీద టేపు చుడతాడు. పెళ్లివారికి అడిగే తీరిక ఉండదు, అతనికి కలిపే వేరే దారీ లేదు. ఇలాంటి ఇంటి గోడ మీద ముందే ఒక ఇన్‌లెట్, ఒక చేంజోవర్ ఉంటే అతను ప్లగ్గు గుచ్చి పక్కకి వెళ్లి కూర్చుంటాడు. శ్రీకాకుళం నుంచి నెల్లూరు దాకా తీరం వెంట కొత్త సర్వీసు ఇచ్చేటప్పుడే ఈ రెంటినీ మీటరు బోర్డులో భాగం చేయమని డిస్కంలు షరతు పెట్టవచ్చు. ఇల్లు కట్టేటప్పుడు వైరింగులో అదనంగా పడేది ఒక స్విచ్, ఒక ఇన్‌లెట్, కొన్ని మీటర్ల వైరు. కట్టాక గోడ చెక్కి పెట్టించుకోవాలంటే మాత్రం ఎవరూ ముందుకు రారు.